జత చీటీ

ఇంకా పందొమ్మిది రోజులు

ఈ పుస్తకం రాయమని నన్నెవరూ అడగలేదు. దళంలో ఉన్న ఇరవై రెండేళ్ళూ రోజూ ఏదో ఒకటి రాసే అలవాటు, చెయ్యి ఊరుకోక ఇక్కడా మొదలుపెట్టాను. ఎవరు చదువుతారో తెలియదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. నా పేరు బాలమణి. అరవై ఒక్కేళ్ళు. కక్ష్య కాపలా దళంలో మరమ్మతుల మనిషిని. ఇప్పుడు బ్లడ్ క్యాన్సర్ మనిషిని. నాకు చాలా భయంగా ఉంది. ఈ ఆఖరి మాట ఈ పుస్తకానికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

పొద్దున ఉతికిన దుప్పట్లు లోపలి చుట్టుకు చేర్చే వంతు మాది. మాది అంటే నాదీ, పైడిదీ. పైడితల్లి నా జత. నాకంటే నాలుగేళ్ళు చిన్నది, బొబ్బిలి పక్క ఊరు. ఒకే తాడుకు కట్టుకుని నేలకు అంత ఎత్తున ఇరవై రెండేళ్ళు కాపలా కాశాం. ఏ అడ్డూ లేని అక్కడి ఎండ మా ఇద్దరి మూలుగలోకీ ఒకేలా దిగింది. జబ్బు కూడా పది రోజుల తేడాతో బయటపడింది.

దుప్పట్ల బండిని పైడి ముందు లాగింది, నేను వెనక నుంచి నెట్టాను. ఈ ఆస్పత్రికి ఏదో పెద్ద పేరుంది గానీ మేమంతా గానుగ అనే అంటాం. ఆకాశంలో ఇది గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, ఆ తిరుగుడు వల్లే మాకు ఒంట్లో బరువు తెలుస్తుంది. మేముండే బయటి చుట్టులో నేల మీద ఎంతో అంత బరువు. లోపలికి పోయేకొద్దీ బండీ తేలికవుతుంది, మనిషీ తేలికవుతాడు. లోపలి చుట్టులో దుప్పటి వదిలితే అది కింద పడటానికి బద్ధకిస్తుంది. నిద్రలో తేలిపోకుండా అక్కడి వాళ్ళను పట్టీలతో మంచానికి కట్టి ఉంచుతారు. వాళ్ళ కాళ్ళు చూశాను. చిన్నపిల్లల కాళ్ళంత సన్నబడ్డాయి. తల దించుకుని దుప్పట్లు పంచి వచ్చేశాను.

తిరిగి వస్తూ పైడి నాలుగుసార్లు ఆగింది. “ఆయాసం వచ్చేత్తంది అప్పా, రవ్వంతసేపు కూకుందుం,” అంది. వాళ్ళ ఊళ్ళో అక్కను అప్ప అంటారు. ఆగిన ప్రతిసారీ కూర్చున్నాం. నాలుగోసారి నాకు కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. పైడికి సత్తువ పోతోంది.

ఇంకా పదిహేడు రోజులు

చీటీ గురించి చెప్పాలి. పొద్దున్నే రాగి జావ కంటే ముందు చీటీ వస్తుంది. అందులో ఐదు ప్రశ్నలు. మంచం మీంచి తనంతట తాను లేచిందా? చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచిందా? నడవా చివరిదాకా ఆగకుండా నడిచిందా? గిన్నె ఖాళీ చేసిందా? పడిందా? నా చీటీ నేను రాయకూడదు. పైడి చీటీ నేను రాయాలి, నాది పైడి రాయాలి.

ఇది దళంలో మొదటి నుంచీ ఉన్న ఆచారం. బయట తాడుకు వేలాడుతున్నప్పుడు గాలి తగ్గితే, తగ్గిన సంగతి ఆ మనిషికి తెలియదు. పైగా హాయిగా ఉంటుంది. ఒకసారి నాకే తగ్గింది. “ఎలాగున్నావప్పా?” అని పైడి అడిగితే “మస్తుగున్న” అని చెప్పి బతుకమ్మ పాట ఎత్తుకున్నానట. పైడి నా మాట నమ్మలేదు. తాడు పట్టుకుని ఈడ్చుకుపోయి లోపల పడేసింది. అందుకే మాలో ఎవరి బాగోగులు వాళ్ళు చెప్పుకోరు, జత చెబుతుంది. ఇన్నేళ్ళూ కెమెరాల కింద బతికాం, ముసలితనంలో అవి వద్దని మేమంతా గొడవ చేసి ఇక్కడి గదుల్లోంచి తీయించాం. ఇప్పుడు రక్తం సంగతి యంత్రం చెబుతుంది, మనిషి సంగతి చీటీ చెబుతుంది. డాక్టర్ షాహీన్ కూడా చీటీని కాదనకూడదు.

ఇంకో పదిహేడు రోజులకు మా ఇద్దరికీ పెద్ద మందు. అది పాత మూలుగనంతా కాల్చేసి కొత్తది మొలిపిస్తుంది. నలభై రోజులు తట్టుకుంటే జబ్బు పోయినట్టే, నేలకు దిగిపోవచ్చు. సత్తువ లేని ఒళ్ళు దాన్ని తట్టుకోలేదు. అలాంటి వాళ్ళకు చిన్న మందు, లోపలి చుట్టులో మంచం. చిన్న మందు జబ్బును జోకొడుతుందంతే. ఏడాదో, రెండేళ్ళో. ఆ తేలికలో ఎముకలు గుల్లబారతాయి కాబట్టి లోపలికి పోయినవాళ్ళలో నేలకు దిగినవాళ్ళను నేనింతవరకూ చూడలేదు.

నాకు వాన కావాలి. గొడుగు లేకుండా మా జగిత్యాల మామిడి మండీ వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి తడవాలి. ఈ మాట పైడికి వెయ్యిసార్లు చెప్పి ఉంటాను. తను కూడా వస్తానంది.

ఇవాళ పైడి చీటీలో ఐదింటికీ బాగుందనే రాశాను. నడవాలో రెండుసార్లు ఆగిన సంగతి రాయలేదు.

ఇంకా పధ్నాలుగు రోజులు

మూడు రోజులు రాయలేదు. కూర్చుంటే నిద్ర ముంచుకొస్తోంది. ఈ గదిలో గాలి సరిగ్గా ఆడటం లేదనుకుంటాను, చెప్పాలి.

ఇవాళ గిన్నెలు కడిగే చోట పైడి గిన్నె చూశాను. సగం ఇడ్లీ, కందిపొడి అలాగే ఉన్నాయి. నా గిన్నె తుడిచినట్టుంది. తినేవాళ్ళు తింటున్నారు, తినాల్సినవాళ్ళు తినడం లేదు. చొక్కా చేతులు పైకి మడిచినప్పుడు ఇంకోటి కూడా చూశాను. రెండు మోచేతుల దగ్గరా నల్లగా కమిలి ఉంది.

“ఏడ పడ్డవ్?” అని అడిగాను.

“నానేటి పడ్డాను? తలుపు తగిలిందప్పా.”

“రెండు చేతులకు ఒక్కతీరుగ తాకే తలుపు నేనైతే ఎన్నడు చూడలే.”

“సూడు మరి, ఇక్కడున్నాది,” అని నవ్వేసింది. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ జతతో అబద్ధమా? ఆ తర్వాత భయం వేసింది. రోజూ నడవాలో నేను దాని భుజం మీద చెయ్యి వేసి నడిపిస్తున్నాను. ఒకరోజు నేను లేనప్పుడు పడితే ఏమిటి గతి?

నా దుప్పటి మాత్రం ఈ మధ్య చాలా బాగా వస్తోంది. నేను మడిచిన దానికంటే సాయంత్రానికి ఇంకా చక్కగా కనబడుతుంది. దళంలో పైడి మడిచిన దుప్పటి అంచుల్లా ఉంటోంది.

ఇంకా పన్నెండు రోజులు

తిమ్మప్ప పోయాడు. పెద్ద మందు ఎక్కించిన మూడో రోజు. కదిరి మనిషి, దళంలో మాకు సరుకులు అందించేవాడు. పోయిన వారం చీటీల ప్రకారం తిమ్మప్ప రోజూ కుర్చీలోంచి ఐదుసార్లు లేచాడు, గిన్నె ఖాళీ చేశాడు, పడలేదు.

డాక్టర్ షాహీన్ వార్డు మధ్యలో నిలబడి చెప్పింది. “చీటీలో ఉన్న మనిషికి సరిపోయే మందు ఇచ్చాను. మంచం మీదున్న మనిషి వేరు.” గట్టిగా కూడా అనలేదు. మాలో ఎవరూ తలెత్తలేదు.

పైడి నా చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యి వెచ్చగా ఉంది, నాది మంచులా ఉంది. భయానికి నాకు చేతులు చల్లబడతాయి, చిన్నప్పటి నుంచీ అంతే.

ఇంకా పది రోజులు

తిమ్మప్ప జత ఓబులేసు భోజనానికి రావడం లేదు. జావ పట్టుకుని వాళ్ళ గదికి వెళ్ళాను. పైడి కూడా వచ్చి, నన్ను లోపల కుర్చీలో కూర్చోబెట్టి బయట నిలబడింది.

ఓబులేసు జావ ముట్టలేదు. “నేనే రాస్తి అక్కా,” అన్నాడు. “దినామూ బాగుండాడనే రాస్తి. వాడు రెండు తూర్లు పడితే నేనే లేపితి. లోపలికి పంపద్దురా ఓబులా, ఆడికి పోతే ఇంగ ఊరు చూడనని ఏడ్చె. వాని ఏడుపు చూడల్యాక రాస్తి.”

“నువ్వు మంచికే రాసినవ్ తమ్మీ.”

“మంచికే. వాడు సచ్చిపాయ.”

లేవబోతే కుర్చీ చేతుల్లేని రకం, పట్టు దొరకలేదు. పైడి లోపలికి వచ్చి చెయ్యి అందించింది. పాపం, తను నిలబడటమే కష్టంగా ఉన్నా నాకు చెయ్యి ఇస్తుంది.

గదికి వచ్చాక చీటీలు గుర్తొచ్చాయి. పైడికి నేను రాసిన చీటీలన్నీ ఓబులేసు చీటీలే. ఒక్క అక్షరం తేడా లేదు. అన్నం సహించలేదు. కొంచెం తిని గిన్నె పక్కన పెట్టాను.

ఇంకా ఎనిమిది రోజులు

నిన్న స్నానాల గదిలో పడ్డాం. నేల తడిగా ఉంది. పైడి జారి నన్ను కూడా లాగినట్టుంది. పూర్తిగా గుర్తు లేదు. చెంబు తీసుకోవడం గుర్తుంది, ఆ తర్వాత కళ్ళు తెరిచేసరికి పైడి కింద, నేను దాని మీద. పైడి మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. మా రక్తం తొందరగా ఆగదు. తువ్వాలంతా ఎర్రబడింది.

“అప్పా! అప్పా! నన్ను సూడు, కళ్ళు మూసీకు!” అని పైడి అరుస్తోంది. రక్తం తనకు కారుతుంటే అరుపు నా పేరు మీద. అంత కంగారులో ఉంది పాపం.

“ఎట్ల పడ్డవే?” అన్నాను.

పైడి నా ముఖంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా అంది. “జారిపోనానప్పా. నాదే తప్పు.”

ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఇవాళ పొద్దున చీటీలో ‘పడిందా?’ దగ్గర నా పెన్ను ఆగిపోయింది. లేదని రాశాను. తిమ్మప్ప మంచం దుప్పటి లేకుండా ఉంది, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కనబడుతుంది.

ఇంకా ఆరు రోజులు

ఇక దాచలేను. పైడి చచ్చిపోతుంది. పెద్ద మందు ఎక్కిన మూడో రోజు ఆ మంచం మీద కూడా దుప్పటి తీసేస్తారు, ‘బాగుంది’ అని రాసిన చీటీలు మాత్రం నా చేతివ్రాతలో మిగులుతాయి. ఒక్కదాన్నే నేలకు దిగి వానలో నడిచి ఏం చేసుకోను?

చెబితే పైడి నా మొహం చూడదు. దళంలో జతను పట్టిచ్చినవాళ్ళతో ఎవరూ బువ్వ తినరు. లోపలి చుట్టు అంటే పైడికి నా కంటే ఎక్కువ భయమేమో, ఆ పేరెత్తితేనే మాట మారుస్తుంది. అయినా బతికి ఉంటే తిట్టుకుంటుంది, తిట్టుకోనీ.

రేపటి చీటీ ఇప్పుడే రాసి దిండు కింద పెట్టాను. “పైడితల్లి నడవాలో ఆగుతోంది. గిన్నె ఖాళీ చేయడం లేదు. స్నానాల గదిలో పడింది. మోచేతుల మీద దెబ్బలున్నాయి. ఇన్నాళ్ళూ నేను అబద్ధం రాశాను. పెద్ద మందు ఇవ్వవద్దు.”

ఇంకా ఐదు రోజులు

ఇది రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను. జరిగింది జరిగినట్టే పెడతాను.

చీటీలో ‘పడింది’ అని వస్తే డాక్టర్ పిలిచి పరీక్ష చేయాలి. మమ్మల్నిద్దర్నీ పిలిచింది. నా చీటీ పైకి చదివింది. పైడి నా వైపు తిరిగింది. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

“పైడితల్లి గారూ, చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవండి. ఐదుసార్లు,” అంది డాక్టర్.

పైడి చేతులు కట్టుకుంది. లేచింది, కూర్చుంది. లేచింది, కూర్చుంది. ఐదు అయ్యాక డాక్టర్ ఆపమనేలోపు ఇంకో మూడుసార్లు లేచింది. నడవా చివరిదాకా నడవమంటే కవాతులో నడిచినట్టు నడిచి వెనక్కి వచ్చింది. ఒక్కసారి కూడా ఆగలేదు. ఆయాసం లేదు. బరువు తూచారు, వచ్చిన రోజు కంటే కిలో ఎక్కువుంది.

నాకు ముందు ప్రాణం లేచొచ్చింది. వెంటనే కోపం వచ్చింది. నాలుగు అడుగులకోసారి కూర్చుందాం అన్నది ఈ మనిషేనా? “ఇన్నొద్దులు నాటకమాడినవా? నన్ను గింత భయపెడ్తవా?” అని అరిచి, దాని భుజాలు పట్టి కుదిపేద్దామని లేచాను.

లేవలేదు.

లేచాననుకున్నాను, కుర్చీలోనే ఉన్నాను. మళ్ళీ ప్రయత్నించాను. తొడలు నావి కానట్టున్నాయి. చేతులు కుర్చీ మీద ఆనించి నెట్టాను, జానెడు లేచి మళ్ళీ పడ్డాను. మూడోసారి పైడి పరుగెత్తుకొచ్చి నా చంకల కింద చేతులు పెట్టింది. సరిగ్గా మోచేతులు నా పక్కటెముకలకు ఆనే చోట, ఆ నల్లటి మచ్చలు.

నేను పైడి మోచేతులనే చూస్తున్నాను.

“ఎన్నిసార్లు?” అని అడిగాను.

“ఏటి ఎన్నిసార్లు?”

“ఎన్నిసార్లు పట్టుకున్నవ్ నన్ను?”

పైడి ఏడ్చేసింది. “నెక్కెట్టనేదప్పా,” అంది. నాకు ఆయాసం వచ్చినప్పుడల్లా తనకు వచ్చిందని చెప్పి కూర్చోబెట్టిందట. నేను వదిలేసింది తన గిన్నెలో వేసుకునేదట. దాని భుజం మీద నా చెయ్యి దాన్ని నడిపించడానికి కాదు, నేను నిలబడటానికి. స్నానాల గదిలో ఎవరూ జారలేదు. నేను స్పృహ తప్పి పడుతుంటే అది కింద పడి నన్ను మీద వేసుకుంది. నా చీటీలన్నిటిలోనూ ‘బాగుంది’ అని రాసింది.

గాలి తగ్గింది నాకు. నేను మస్తుగున్న అని పాట పాడుతూ కూర్చున్నాను. ఈసారి పైడి తాడు పట్టి లాగలేదు.

“నేను చూసింది నేను రాయకూడదు,” అంది డాక్టర్ షాహీన్. “ఆ నియమం మీరంతా పోట్లాడి పెట్టించుకున్నదే. బాలమణి గారి సంగతి పైడితల్లి గారు ఏం రాస్తే అదే. రేపటి చీటీ ఆఖరిది, దాన్నిబట్టే మందు కలుపుతాను.” బయటికి వెళ్ళబోతూ ఆగింది. “బాలమణి గారూ, మీకు పెద్ద మందు ఇస్తే మీరు మూడు రోజులు ఉండరు. ఇది డాక్టరుగా కాదు, మామూలుగా చెబుతున్నాను.”

ఇంకా నాలుగు రోజులు

పైడి చీటీలో నేను ఐదింటికీ బాగుందని రాసేశాను, ఈసారి నిజంగానే. నా చీటీ ముందు పెట్టుకుని పైడి కూర్చుంది, పెన్ను ముట్టదు.

“లోపలికెల్తే నువ్వింక దిగవు గదా,” అంది. “వానలో నడుస్తానన్నావు. నాను రాస్తే ఆ వాన నాను తీసేసినట్టు గాదా? నాకు సేతులాడవప్పా.”

నేను అబద్ధం చెప్పదలచుకోలేదు. ఆ పట్టీలు తలుచుకుంటే నాకు చెమటలు పడుతున్నాయి. ఆ సన్నటి కాళ్ళు నావవుతాయి. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ‘బాగుందని రాయి, ఏమైతే అదవుతుంది’ అందామని నోటిదాకా వచ్చింది. అప్పుడు ఓబులేసు ముఖం గుర్తొచ్చింది. జావ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్న ఆ ముఖం పైడికి పెట్టలేను.

“రాయి, పైడీ,” అన్నాను. “నాక్కూడ బుగులైతుంది. చానా బుగులైతుంది. అయినా రాయి. నువ్వు ఓబులేసు లెక్క కావొద్దు.”

“నువ్వు తిట్టవు గదా?”

“తిడత. బతికుంటనే గద తిట్టేది.”

పైడి రాసింది. రాస్తుంటే ముక్కు చీదుతూనే ఉంది. మంచం మీంచి తనంతట తాను లేవలేదు. కుర్చీలోంచి ఒక్కసారి కూడా లేవలేదు. నడవా చివరిదాకా నడవలేదు. గిన్నె ఖాళీ చేయలేదు. పడింది, పదకొండుసార్లు. లెక్కపెట్టలేదన్నది కూడా అబద్ధమే.

మందు రోజు

నన్ను నిన్ననే లోపలి చుట్టుకు మార్చారు. తోపుడు మంచం మీద తెచ్చారు, పైడి పక్కనే నడిచింది. చుట్టు చుట్టుకూ నా ఒళ్ళు తేలికవుతుంటే నేను పైడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఎక్కడికో కొట్టుకుపోతున్నట్టు ఉంది. వచ్చాక పట్టీ కట్టింది కూడా పైడే. కట్టి, దుప్పటి మడిచి కాళ్ళ దగ్గర పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

పొద్దున ఈ తేలికలో మంచం మీంచి నాకు నేనుగా లేచాను. అంత భయంలోనూ సంతోషం వేసింది, ఎవరికి చెప్పాలో తెలియలేదు.

పైడికి ఇవాళ పెద్ద మందు ఎక్కించారు. అద్దాల గదిలో ఉంచారు, లోపలికి ఎవర్నీ పోనివ్వరు. జత తెగలేదు కాబట్టి పొద్దుటి చీటీ వేళకు నాకు తెర మీద కనబడుతుంది, మాట్లాడవచ్చు. చీటీ నేను రాసి డాక్టర్‌కు పంపాలి. నాది తను చెప్పి రాయిస్తుంది.

మందు తర్వాత మూడో రోజు

తిమ్మప్ప పోయిన రోజు ఇది. తెర వెలిగే వేళకు ముందే లేచి కూర్చున్నాను.

పైడి మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి, అంతే.

“ఎట్లున్నవ్?”

“బాగున్నానప్పా. గిన్నె ఖాళీ సేసినాను. పడనేదు. రాసీ.”

పెన్ను ఎత్తాను. ఆ మాట ఎంత హాయిగా ఉందో చెప్పలేను. బాగుందని రాసేసి కళ్ళు మూసుకుని పడుకోవచ్చు. అప్పుడు దాని వెనక దుప్పటి చూశాను. మడత వంకరగా ఉంది. ఒక అంచు కిందికి వేలాడుతోంది. పైడి దుప్పటి వంకరగా ఉండటం నేనింతవరకూ చూడలేదు. నేను గాలి లేక చావబోయిన రోజు కూడా నా దుప్పటి మడిచిన మనిషి అది.

“కుడి చెయ్యి ఎత్తు,” అన్నాను.

“ఎందుకూ?”

“ఎత్తు, పైడీ.”

ఎడమ చెయ్యి ఎత్తింది. ఎత్తి నవ్వింది, నవ్వు ఒక పక్కకే వచ్చింది. “బాగుందని రాసీ అప్పా,” అంది మళ్ళీ. తనకు తెలియదు. నిజంగానే బాగున్నాననుకుంటోంది.

అక్షరాలు ఎలా పడ్డాయో చూసుకోలేదు. “దుప్పటి మడవలేకపోయింది. కుడి చెయ్యి పనిచేయడం లేదు. మూతి వంకర పోతోంది. బాగున్నానంటోంది, నమ్మవద్దు. వెంటనే వెళ్ళండి.” పంపి, గంట కూడా నొక్కాను, నొక్కుతూనే ఉన్నాను. తెరలో డాక్టర్ షాహీన్ పరుగున రావడం కనబడింది. తర్వాత తెర ఆరిపోయింది.

ఎవరూ ఏమీ చెప్పలేదు. పట్టీ విప్పుకుని గోడ పట్టుకుని తలుపు దాకా పోయాను. పోయి ఏం చేయగలను, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. నేను తాడు లాగినట్టేనా, ఆలస్యమయిందా?

మందు తర్వాత నాలుగో రోజు

తల లోపల రక్తం చిమ్మడం మొదలయిందట. గంట ఆగి ఉంటే అయిపోయేదని డాక్టర్ చెప్పింది. రక్తం గడ్డకట్టే కణాలు ఎక్కించారు, ఆగింది. ఇంకా మత్తులోనే ఉంది. ఇవాళ తెర వెలగలేదు. చీటీలో ఐదు ప్రశ్నల దగ్గరా ‘తెలియదు’ అని రాశాను.

ఓబులేసు ఇవాళ దుప్పట్ల బండి నెట్టుకుంటూ వచ్చాడు. నా చీటీ సంగతి విన్నాడట. నా పక్కన కూర్చుని నేను తినేదాకా ఉండి, నా గిన్నె చూసి వెళ్ళాడు.

మందు తర్వాత తొమ్మిదో రోజు

తెర వెలిగింది.

పైడికి జుట్టు లేదు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది, వేళ్ళు కొద్దిగా కదులుతున్నాయి.

“ఒక్కపాలి బాగుందని రాయనేవా అప్పా?” అంది నన్ను చూసి.

“రాయ. లేసి నిలబడు, అప్పుడు చూద్దాం.”

“అంత కోపమేటి?”

“కోపం కాదు, బుగులు. నిలబడు.”

మంచం కడ్డీ ఎడమ చేత్తో పట్టుకుంది. మోకాళ్ళు వణికాయి. నేను ఇక్కడ నా మంచం అంచు పట్టుకుని ఉన్నాను, నేను పట్టుకుంటే అది నిలబడుతుందన్నట్టు. లేచింది. నేను పది లెక్కపెట్టాను, అప్పుడు కూర్చుంది.

“ఇంకా ముప్పయ్యొక్క రోజులున్నాయి గదా,” అంది ఆయాసపడుతూ. “నాను నేలకి దిగితే నువ్విక్కడ ఒక్కదానివీ.”

“తెలుసు.”

“నాకు బయమేస్తంది.”

“నాక్కూడ. నువ్వు దిగినంక ముందుగాల మా మండీ వీధిల నడువు. గొడుగు పట్టకు. వచ్చి నాకు చీటీ రాయి, ఎట్లుందో ఎట్లుంటే అట్ల రాయి.”

“తడిసి జొరమొచ్చిందని కూడా రాస్తాను,” అంది. ఈసారి నవ్వు రెండు పక్కలకూ వచ్చింది, కుడి పక్క కొంచెం తక్కువ.

ఆ కొంచెం తక్కువ కూడా చీటీలో రాశాను. మంచం మీంచి కడ్డీ పట్టుకుని లేచింది. నడవలేదు. గిన్నెలో సగం తిన్నది. భయపడుతోంది. ‘పడిందా?’ దగ్గర లేదని రాసి, డాక్టర్‌కు పంపే ముందు పైడికి చదివి వినిపించాను.